పద్నాలుగు గుంటల్లో ఘనా

కరీంనగర్‌లో ఒక ప్లే స్కూల్ వాళ్లు ప్రపంచ సంస్కృతుల వేడుక అని పిలిస్తే వెళ్లాను. అందరూ నాలుగేళ్ల లోపు పిల్లలే. ఒకరికి కాగితపు కిమోనో, ఇంకొకరికి మెక్సికో టోపీ. వరుస చివర ఆకుల లంగా కట్టి, మొహానికి మసి పూసి, చేతికి విల్లు ఇచ్చి ఒక పిల్లాణ్ని నిలబెట్టారు. మెడలో అట్టముక్క: ‘ఆదివాసి’. మసి కళ్లలోకి కారి వాడు ఏడుస్తుంటే చుట్టూ సెల్‌ఫోన్లు ఫొటోలు తీస్తున్నాయి.

ఆ అట్టముక్క మీది మనుషులు ఎక్కడో లేరు. ధర్మపురి దాటాక గోదావరి వంతెన ఎక్కి, లక్షెట్టిపేట, జన్నారం మీదుగా కవ్వాల్ అడవిలోంచి పోతే ఉట్నూర్. కొన్నాళ్లకు ఆ దారినే పోయి, ఉట్నూర్ దగ్గర ఒక గూడెంలో అంగన్‌వాడీ ముందు దిగాను. గోండు పిల్లలు, కొలాం పిల్లలు, పక్క తండా నుంచి వచ్చే లంబాడా పిల్లలు ఒకే చాప మీద కూర్చున్నారు. టీచరమ్మ ఇంట్లో మరాఠీ మాట్లాడుతుంది, ఇక్కడ తెలుగూ గోండీ కలిపి నెట్టుకొస్తుంది.

పిల్లల భాషలోనే చదువు మొదలుపెట్టాలన్న ఆలోచన ఈ అడవికి పాతదే. 1940లో జోడేఘాట్‌లో నిజాంపై పోరాడిన కుమ్రం భీం నేలకొరిగాక, గోండుల గోడు ఏమిటో తెలుసుకోమని నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో కాపురముండి పనిచేశాడు. 1943లో గోండు యువకులకు అక్కడే పంతుళ్లుగా శిక్షణ మొదలైంది. గోండి వాచకాలూ తయారయ్యాయి.

ఈ అంగన్‌వాడీలో వాచకం పని ఆటే చేస్తోంది. గోడ వారన నేల మీద వామనగుంటలు తవ్వి ఉన్నాయి, రెండు వరుసల్లో ఏడేడు. ఒక పాప గుప్పెట్లో చింతగింజలు పట్టుకుని గుంటకొకటి వదులుతోంది. చివరి గింజ పడ్డాక పక్క గుంట ఖాళీగా కనిపించింది. దాన్ని వేలితో తుడిచి, అవతలి గుంటలో ఉన్నదంతా ఊడ్చుకుంది. ఎదుటి లంబాడా పిల్లాడు గోండిలో గట్టిగా ఏదో అన్నాడు. పాప తెలుగులో తిప్పికొట్టింది.

“నోటితోని చెప్తే లెక్క తప్పుతరు సార్. గుంటల గింజలు ఏసుడైతే తప్పరు” అంది టీచరమ్మ.

ఆఫ్రికాలో ఘనా అనే దేశముందని, అక్కడి పిల్లలూ ఇలాగే ఆడతారని చెప్పాను. వాళ్ల ఆట పేరు ఒవారే. వరుసకు ఆరు గుంటలే, గుంటకు నాలుగు గింజలు. మాట పూర్తి కాకముందే ఇద్దరు పిల్లలు చివరి రెండు గుంటలను మట్టితో పూడ్చేశారు. ఇంకొకరు నలభై ఎనిమిది గింజలు నాలుగు నాలుగుగా పోశారు. రెండో తరగతి చదివే ఒక అక్క తమ్ముడి కోసం వచ్చి అక్కడే నిలబడిపోయింది.

“సార్, ఆళ్లు గూడ తొండి చేస్తరా?” అని అడిగింది.

చేస్తారనే చెప్పాను. అందరూ నవ్వారు. ఘనా పిల్లల రంగేమిటి, ఏం కట్టుకుంటారు అని ఎవరూ అడగలేదు. వేషం కట్టినప్పుడు అవతలి మనిషి చూసే వస్తువవుతాడు. ఆటలో అట్లా కుదరదు. వాళ్ల పద్ధతికి ఒప్పుకోవాలి, వంతు వచ్చేదాకా ఆగాలి, ఓడితే గింజలు ఇచ్చేయాలి.

ఆటకూ హద్దుంది. దీపావళి రోజుల్లో గోండుల దండారీ పండుగ వస్తే పిల్లలంతా గుస్సాడీ అడుగులు వేస్తారట. మార్లవాయి గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ తెచ్చిన నృత్యమది. ఇద్దరు పిల్లలు కర్రలు పట్టుకుని నాకు ఎగిరి చూపించారు, వాళ్లలో ఒకడు తండా పిల్లాడు. గుస్సాడీలో పెట్టుకునే నెమలి ఈకల టోపీని అట్టతో చేసి పెట్టకూడదా అని టీచరమ్మను అడిగాను.

“అది దేవునిది సార్. ఏసుకున్నోళ్లు పండుగ అయ్యేదాక తానం గూడ చెయ్యరు. అడుగులు నేర్పుకోమంటం గాని టోపీ ముట్టనియ్యం.”

ప్రపంచాన్ని పిల్లలకు చూపించాలనుకునేవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ఇదే. ఏది ఆడుకోవచ్చో, దేన్ని దూరం నుంచి గౌరవించాలో ఆ సంస్కృతి వాళ్లే చెప్పాలి.

నేను లేవబోతుంటే టీచరమ్మ ఆపింది. “ఇంకో దేశం ఆట చెప్పి పోండ్రి.” ఫిలిప్పీన్స్‌లో ఆడే సుంకా చెప్పాను. అందులో మనలాగే ఏడేడు గుంటలు, గెలిచిన గింజలు దాచుకోవడానికి రెండు కొసలా చెరొక పెద్ద గుంట. పిల్లలు పూడ్చిన మట్టి తీసేశారు, పుల్లలతో కొసన తవ్వడం మొదలుపెట్టారు. ఏ కొస ఎవరిదన్న దగ్గర తగవు వచ్చింది. టీచరమ్మ కలగజేసుకోలేదు.

“మీరే తేల్చుకోండ్రి” అని నా వైపు తిరిగి, ఆ ఆట పేరు మళ్లీ చెప్పించుకుని రిజిస్టర్ వెనక పేజీలో రాసుకుంది.