గీత దాటినా పందెం అయిపోదు

కోరుకొండలో కూర్చుని గుర్రాల దూరపు పందేల గురించి మాట్లాడటం వింతే గానీ, ఎడ్ల పందేలకి ఎగబడే మన గోదావరోళ్లు అక్కణ్ణుంచి తెచ్చుకోవాల్సిన రూలు ఒకటుంది. కాలిఫోర్నియాలో 1955లో మొదలైన టెవిస్ కప్‌లో 100 మైళ్లు, 24 గంటల్లో పోవాలి. దారిలో పశువైద్యుడు గుర్రం మెడ మీద చర్మం పట్టి లాగి వదులుతాడు. చటుక్కున సర్దుకోకపోతే ఒంట్లో నీళ్లు తగ్గినట్టే. చిగుళ్లు నొక్కి రంగు ఎంతసేపట్లో తిరిగొస్తుందో చూస్తాడు. అంతర్జాతీయ పోటీల్లో అయితే గీత దాటిన 20 నిమిషాల్లో గుండె కొట్టుకునే వేగం నిమిషానికి 64కి దిగాలి. దిగకపోయినా, కుంటినా, ముందొచ్చిన గుర్రం కూడా ఓడినట్టే. రౌతుకి ఏళ్ల కష్టం నీళ్లపాలు, గుర్రానికి మాత్రం ప్రాణం దక్కుతుంది.

రూలున్నా గుర్రాలు చచ్చాయిగా అంటారు. నిజమే, అందుకే 2015లో యూఏఈ గుర్రపు స్వారీ సమాఖ్యనే సస్పెండ్ చేశారు. రూలు లేనిచోట ఆ లెక్క అడిగే నాథుడే ఉండడు. మన రైతు ఎద్దుని బిడ్డలా చూస్తాడు, డాక్టరెందుకనేది ఇంకో మాట. బిడ్డకి ఒళ్లు కాలితే డాక్టరు దగ్గరికి పరిగెత్తేది కన్నవాళ్లే కదండీ! పందేలు పెట్టే పెద్దలూ, వచ్చే సంక్రాంతికి స్టాప్‌వాచ్ పక్కన ఓ స్టెతస్కోపు కూడా పెట్టించండి.