దాచిన మాట

మా యిల్లు హిమాయత్‌నగరులో నున్నది. ఆదివారమునాడు ఆబిడ్సున మూసియుండు అంగళ్ల ముందు, కాలిబాటపై పాతపుస్తకములు పరచి యమ్ముదురు. అమ్మ సంవత్సరీకమునకు బెజవాడనుండి వచ్చిన మా చెల్లెలు, కర్మ ముగిసిన పిమ్మట వచ్చిన ఆదివారమున నన్నచ్చటికి తోడుకొనిపోయి, లావుపాటి ఆంగ్ల నవల నొకదానిని కొనెను. అది విల్కీ కాలిన్సు రచించిన ‘ది వుమన్ ఇన్ వైట్’. 1859 నవంబరు మొదలుకొని మరుసటి సంవత్సరమువరకు చార్లెస్ డికెన్సు వారపత్రికలో విడతలుగా వెలువడిన కథ.

అమ్మ గతించినప్పటినుండి మేమిరువురము మనసు విప్పి మాటాడుకొని యెరుగము. ఉప్పు పప్పుల ప్రసంగమే కాని అమ్మ ప్రసక్తి రాదు. అందుచేత రాత్రివేళ బిడ్డను నిదురబుచ్చి చెల్లెలు చదువుటయు, నేను వినుటయు నాకు హాయిగానే తోచెను.

ఆ కథలో మేరియను, లారా యనువారు ఒకతల్లి బిడ్డలు, తండ్రులు వేరు. చెల్లెలికి ఆస్తి కలదు, అక్కకు తెలివియు ధైర్యమును కలవు. చెల్లెలి మగడు ఆమె ధనమును కాజేయజూచును. వాని కుట్రను వినుటకై మేరియను నడిరేయి వానలో తడియుచు కప్పుపై పొంచియుండి, జ్వరముతో మంచము పట్టును. న్యాయస్థానమున సాక్షులవలె ఒక్కొక్కరు తామెరిగినంతయే చెప్పుదురు. కావుననే పుట త్రిప్పక నిలువలేము.

అంతట దుర్మార్గులు జబ్బుపడిన అక్కను అదే భవనమున వేరొక భాగమున దాచి, ఆమె ఊరు విడిచిపోయెనని చెల్లెలితో బొంకిరి. ఆ పుటవద్ద మా చెల్లెలు చదువుట మానెను.

“అక్కయ్యా, అమ్మ జబ్బు కుదురదని నీకెప్పుడు తెలిసినది?”

“మూడు మాసములు ముందు,” అంటిని.

అప్పుడది నిండు గర్భిణి. టెలిఫోనులో అడిగినప్పుడెల్ల “అమ్మ కులాసా” అని చెప్పితిని. పురుడు వచ్చినపిదప చెప్పవచ్చు ననుకొంటిని. అమ్మ అంతవరకు ఆగలేదు.

“నాకు దుఃఖము తప్పింపజూచితివి. దుఃఖము తప్పలేదు, కడసారి చూపే తప్పినది.”

వారు ధనమునకై బొంకిరి, నేను ప్రేమచే బొంకితిని అని నోటివరకు వచ్చినది. కాని తలుపు మూయబడినది చెల్లెలి ముఖముమీదనే కదా! ఆ రాత్రి అమ్మ కడపటి దినములన్నియు చెప్పితిని: ఏమి తిన్నదో, ఎవరిని తలచినదో, పుట్టబోవు బిడ్డకు ఏ పేరు కోరినదో. అది విని చెల్లెలు, “అమ్మ గొంతు మారుట నేను గుర్తించితిని, అడిగిన నీవు నొచ్చుకొందువని ఊరకుంటిని,” అన్నది. నేను దాచితి ననుకొన్న రహస్యమును అదియు నావలెనే మోసినది!

సోదరీమణులారా, దూరముననున్న కూతురికి తల్లి రోగమును దాచుట మన యిండ్లలో సద్బుద్ధితోనే జరుగుచుండును. ఎంత కఠినమైనను చెప్పుడు; ఎట్లు భరింపవలెనో ఆమెయే యెంచుకొనును.

ఆ పుస్తకమును చెల్లెలు బెజవాడకు గొనిపోయినది. మిగిలిన పుటలను రాత్రివేళ టెలిఫోనులో చదివి వినిపించుచున్నది. నడుమ నడుమ అమ్మనుగూర్చి మాటాడుకొనుచున్నాము.