అబ్బా చెవి, ట్యూనర్ డబ్బా

2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చాక కొత్త బండ్లలో కార్బురేటర్ దాదాపు మాయమైంది. స్క్రూ పావు చుట్టు తిప్పి, ఆవాజ్ విని బండి మిజాజ్ సరిచేసే అబ్బా హునర్‌కు జగా లేకుండా పోయింది. పొగ కానూన్ వల్ల నా బండి కంపెనీ మ్యాప్ పెట్రోల్ దగ్గర కాస్త కంజూస్. అందుకే ట్యూనర్ తెచ్చి ఈసీయూకీ ఇంజెక్టర్‌కీ మధ్య కలిపాను. ఇంజెక్టర్ తెరుచుకుని ఉండే వక్త్‌ను అది రవ్వంత పెంచుతుంది, అంతే; జాదూ ఏం కాదు. నిలకడగా పోతుంటే ఆక్సిజన్ సెన్సర్ మళ్లీ సర్దేస్తుంది. ఫరక్ తెలిసేది ఎక్సిలేటర్ గుంజినప్పుడే. (వారంటీకి ఖుదా హాఫిజ్!)

ఎంత పెంచాలో మాత్రం డబ్బా చెప్పదు. అబ్బా ప్లగ్ విప్పి చూశారు. తెల్లగా ఉంది.

"ప్యాసీ హై బేటా, పెంచు."

రెండు మెట్లు పెంచి రేజ్ ఇచ్చాను. కళ్లు మూసుకుని విన్నారు.

"జ్యాదా అయింది. ఒకటి తగ్గించు."