కెరటాల పక్కన... ఇరవయ్యొక్క కిలోమీటర్లు!

తెల్లవారుజామున ఐదింటికి విశాఖ రామకృష్ణా బీచ్‌కి వెళ్తే రెండు రకాల మనుషులు కనిపిస్తారు. డాక్టరు చెప్పారని నడిచేవాళ్లు కొందరు. నడక అలవాటై ‘కాస్త పరుగెత్తి చూద్దామా’ అనుకునేవాళ్లు ఇంకొందరు. ఈ రెండోరకం వాళ్లలో చాలామంది కన్ను హాఫ్ మారథాన్ మీదే ఉంటుంది. 1908 లండన్ ఒలింపిక్స్‌లో మొదటిసారి పరుగెత్తిన 42.195 కిలోమీటర్ల దూరమే తర్వాత మారథాన్‌కి కొలత అయింది. అందులో సగం, అంటే 21 కిలోమీటర్లకి మరో వంద మీటర్ల దాకా కలిపితే హాఫ్ మారథాన్.

అంత దూరమా అని భయపడక్కర్లేదు. ఆయాసం లేకుండా అరగంట చకచకా నడవగలిగితే సాధన మొదలుపెట్టొచ్చు. నలభై దాటినవాళ్లు, బీపీ, షుగరు ఉన్నవాళ్లు మాత్రం ముందు డాక్టరుకి చూపించుకోవాలి.

తొందరపడితే మోకాలికే దెబ్బ

మొదటిసారి పరుగెత్తేవాళ్లకి మూడు నాలుగు నెలల సమయం కావాలి. ఊపిరి కొద్ది వారాల్లోనే పరుగుకి అలవాటు పడుతుంది. ఎముకలూ కీళ్ల దగ్గరి స్నాయువులూ గట్టిపడటానికి మాత్రం నెలలు పడుతుంది. ఆయాసం తగ్గింది కదా అని ఒక్కసారిగా దూరం పెంచేసినవాళ్లు మోకాలి నొప్పితో మంచమెక్కేది అందుకే. ఈ వారం పది కిలోమీటర్లు పరుగెత్తితే వచ్చేవారం పదకొండు... ఆ లెక్కన పెంచుకుంటూ పోవాలి. వారానికి మూడు నాలుగు రోజులు చాలు. ఒక రోజు, సాధారణంగా ఆదివారం, దూరం పరుగు. అది అయిదు కిలోమీటర్లతో మొదలై నెమ్మదిగా పదహారు, పద్దెనిమిదికి చేరాలి. పక్కవాళ్లతో మాట్లాడుతూ పరుగెత్తగలిగితే వేగం సరిపోయినట్టే. మధ్యలో నిమిషమో రెండు నిమిషాలో నడిచినా తప్పేం లేదు.

దారే గురువు

ఈ సాధనకి బీచ్‌ రోడ్డుని మించిన బడి లేదు. రామకృష్ణా బీచ్ నుంచి భీమిలి దాకా పాతిక కిలోమీటర్ల పైచిలుకు దారి. కుడిపక్కన సముద్రం వెంట వస్తూనే ఉంటుంది. 2002లో మ్యూజియంగా మారిన కురుసుర జలాంతర్గామి, దానికి ఎదురుగా 2017లో తెరిచిన టీయూ-142 విమానం... ఈ ప్రాంతమంతా దాదాపు చదునే. మొదటి నెల ఇక్కడే గడిపేయొచ్చు.

తెన్నేటి పార్కు దాటి కైలాసగిరి కింద నుంచి వెళ్తుంటే రోడ్డు మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది, దిగుతుంది. ఎక్కేటప్పుడు అడుగు చిన్నది చేసుకోవాలి. దిగేటప్పుడు జోరుగా దూకితే తొడ కండరాలు పట్టేస్తాయి. 2020లో బ్లూఫ్లాగ్ గుర్తింపు పొందిన రుషికొండ, బయల్దేరిన చోటుకి పది కిలోమీటర్లకి అటూఇటూ. అక్కడిదాకా వెళ్లి వెనక్కి రాగలిగిన రోజున దాదాపు గెలిచినట్టే!

ఇసుక చూసి మోసపోవద్దు. మెత్తగా ఉంది, కాళ్లకి మంచిదనుకుంటారు. నిజానికి పొడి ఇసుకలో పరుగెత్తాలంటే గట్టినేల మీదకన్నా ఒకటిన్నర రెట్లకు పైగా శక్తి కావాలి. తడి ఇసుక గట్టిగానే ఉన్నా సముద్రం వైపు వాలి ఉంటుంది. దాంతో ఒక కాలి మీదే భారం పడుతుంది.

తొట్లకొండ చెప్పే పాఠం

రుషికొండ దాటాక ఎడమవైపు తొట్లకొండ. రెండు వేల ఏళ్ల కిందట ఇక్కడ బౌద్ధ భిక్షువులు ఉండేవారు. నీళ్లు దాచుకోవడానికి వాళ్లు రాతిలో తొలిచిన తొట్ల వల్లే కొండకి ఆ పేరు. తీరంలో పరుగెత్తేవాళ్లకీ నీటి సంగతి ముందే చూసుకోక తప్పదు. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఓ పట్టాన ఆరదు. ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఎండకి శరీరం అలవాటు పడటానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది. అందుకే సూర్యుడు పైకి రాకముందే పరుగు ముగించాలి. గంటకు మించి పరుగెత్తేటప్పుడు ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ దగ్గరుంచుకోవాలి. ఉత్తనీళ్లే అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. తల తిరిగినా, ఎండలో చలిపుట్టినా, మాట తడబడినా వెంటనే ఆగి నీడకి చేరాలి. ఒంటి మీద నీళ్లు పోయించుకుని ఆసుపత్రికి వెళ్లాలి. పంతానికి పోతే ప్రాణానికే ముప్పు.

భీమిలి దారిలోనే ఎర్రమట్టి దిబ్బలు. 2014లో భూవారసత్వ ప్రదేశంగా గుర్తించారు. వాటిని రోడ్డు మీంచి చూసి సాగిపోవడమే మేలు. అడుగుల ఒత్తిడికి ఆ మట్టి ఇట్టే జారిపోతుంది.

ఆ రోజున...

2014లో మొదలైన వైజాగ్ నేవీ మారథాన్‌లో హాఫ్ విభాగమూ ఉంది. పోటీకి రెండు వారాల ముందు నుంచే దూరం తగ్గించాలి. ఆ రోజు కొత్త బూట్లు, కొత్త టిఫిను వద్దు. అలవాటైన ఇడ్లీనో అరటిపండో చాలు. మొదటి అయిదు కిలోమీటర్లు అందరూ దాటిపోతున్నా పట్టించుకోకూడదు. పదిహేను దాటాక వాళ్లలో చాలామంది మళ్లీ కనిపిస్తారు, నడుస్తూ!

పతకం ఎలాగూ గోడకి వేలాడుతుంది. పొద్దున్నే లేచే అలవాటు, మెట్లెక్కితే ఆయాసపడని గుండె మాత్రం మర్నాటి నుంచీ పనికొస్తాయి.