ప్రమేయానికీ ఒక మర్యాద

భాషకూ గణితానికీ చుట్టరికం లేదని మనలో చాలామంది భావిస్తారు. తెలుగు పంతులుకు లెక్కలతో పనేమిటని మిత్రులు పరిహాసమాడటమూ కద్దు. కాని ఈ రెంటి నడుమ గోడ కట్టినవారు మన పూర్వులు కారు. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాలలోనికి తెచ్చిన పావులూరి మల్లన కవియే గదా! ఆయన ఇంటిపేరును తలపించే పావులూరు గ్రామం మన ఇంకొల్లు ప్రక్కనే ఉన్నది. మల్లన మూలంలోని పద్ధతులను స్వీకరించి, ఉదాహరణలను తనవిగా కూర్చుకొన్నాడు. వారసత్వాన్ని కాదనకుండానే తన మాట తాను చెప్పాడు.

ఇదే పద్ధతిని నేటి కంప్యూటరు గణితంలో చూచి నేను విస్మయం చెందాను. మా గణితశాఖ మిత్రుడొకరు ఒకనాటి సాయంత్రం ప్రయోగశాలలో నాకు ‘సింపై’ అనే సాధనాన్ని పరిచయం చేశారు. పైథాన్ భాషలో వ్రాయబడిన ఈ గ్రంథాలయాన్ని 2005లో చెక్ దేశీయుడైన ఒండ్రెజ్ చెర్టిక్ ప్రారంభించాడు. సామాన్య గణనయంత్రం అంకెలను మాత్రమే నమలగలదు. ఇది అక్షరాలతో, చిహ్నాలతో లెక్క చేస్తుంది. దీనిలో లేని ప్రమేయం మనకు కావలసివస్తే మనమే నిర్మించుకొనవచ్చును. ‘ఫంక్షన్’ అనే మాతృవర్గం నుండి మన ప్రమేయాన్ని ఉపవర్గంగా పుట్టించాలి.

ఉపవర్గమంటే ఏమిటో మన ప్రాంతపు విద్యార్థికి వేరే చెప్పనక్కరలేదు. తేజ అయినా, 334 అయినా మిరపయే. నారు పోయడం, కాయ కోయడం, కల్లంలో ఆరబోయడం, తాలుకాయలు ఏరడం అన్నిటికీ ఒక్కటే. ఘాటు, రంగు, ధర మాత్రం ఏ రకానికి ఆ రకం చెప్పుకోవాలి. అట్లే కొత్త ప్రమేయానికి కూడికలో నిలవడం, సమీకరణంలో ఒదగడం వంటి గుణాలు మాతృవర్గం నుండి సంక్రమిస్తాయి. దాని ప్రత్యేకతను మాత్రమే మనం వ్రాస్తే చాలును.

మిత్రుడు చూపిన ఉదాహరణ ఉత్క్రమజ్య. ఒకటి నుండి కొసైన్‌ను తీసివేయగా మిగిలేది ఇదే. మన ప్రాచీన జ్యోతిర్గణితంలో వాడుకలో ఉన్న మాట. ‘జ్య’ అన్న పదం ప్రయాణం మా కళాశాల వంటి చోట ప్రత్యేకంగా తలచుకోదగినది. సంస్కృతపు జ్య, జీవ అరబ్బు పండితుల చేతికి చేరి, అచ్చులు లేని వారి లిపిలో ‘జైబ్’గా చదువబడింది. జైబ్ అంటే వస్త్రపు మడత. పన్నెండవ శతాబ్దిలో లాటిన్ అనువాదకులు దానిని ‘సైనస్’ అన్నారు. అదే నేటి సైన్. ఆ జైబ్‌యే ఉర్దూ గుండా తెలుగులోనికి వచ్చి మన చొక్కాకు జేబు అయింది!

ఇక ఉత్క్రమజ్యను ఉపవర్గంగా వ్రాయడంలో ‘ఇవాల్’ అనే భాగం ఉంటుంది. ప్రమేయానికి ఒక విలువ అందగానే ఏమి చేయాలో అది నిర్ణయిస్తుంది. సున్న వస్తే సున్న. పై వస్తే రెండు. పైలో సగం వస్తే ఒకటి. మరి కేవలం ఎక్స్ వస్తే? అప్పుడు ‘ఇవాల్’ ఏమీ చెప్పదు. అది మౌనం వహించగా, ప్రమేయం చెక్కు చెదరకుండా తన పేరుతోనే నిలిచి ఉంటుంది. దాని అవకలజం సైన్ అని వేరొక భాగంలో వ్రాస్తాము. వ్రాయకపోతే సింపై ఊహించి చెప్పదు. అవకలజాన్ని గుర్తుగానే ఉంచుతుంది.

ఇక్కడొక సూక్ష్మమున్నది. ఉత్క్రమజ్య అంటే ఒకటి నుండి కొసైన్ తీసివేతే గదా అని ‘ఇవాల్’లో ఎల్లప్పుడూ అట్లే మార్చివేస్తే, ఆ ప్రమేయం పుట్టిన క్షణమే కరిగిపోతుంది, దాని పేరు తెరపై ఒక్కమారైనా కనిపించదు. అందుచేత ఆ విస్తరణను, ఎవరైనా కోరినప్పుడు మాత్రమే పలికే ‘డూఇట్’ అనే భాగంలో ఉంచుతారు. వ్యాకరణం బోధించే నాకు ఇది పరిచితంగానే తోచింది. ఉత్వసంధి నిత్యం, ఇత్వసంధి వైకల్పికం. ఏ సూత్రం తప్పక వర్తించాలో, ఏది ఆగాలో తెలిసినవాడే వైయాకరణి.

మన విద్యార్థులు ఎక్స్ వర్గానికి వర్గమూలం ఎక్స్ అని తడుముకోకుండా వ్రాస్తారు. సింపై అట్లా వ్రాయదు. ఎక్స్ ఋణసంఖ్య కావచ్చును గనుక, అది ధనసంఖ్య అని మనం ముందుగా చెప్పేవరకు దానిని అలాగే ఉంచుతుంది. ఈ సంయమం లేకపోతే, ఒక్క తప్పుడు నియమం దానిపై ఆధారపడిన లెక్కలన్నిటినీ పాడుచేస్తుంది.

ఈ మర్యాద మన చదువులలో కొరవడుతున్నదని నా బాధ. తప్పు జవాబుకు మార్కు కోయని ప్రవేశపరీక్షకు, తెలియకున్నా ఏదో ఒక గడి గుర్తించి రమ్మని మనమే పిల్లలకు నేర్పుతున్నాము. మార్కుల లెక్కలో అది లాభమే కావచ్చును. కాని అదే అలవాటుతో రేపు ఒక వంతెనకో, ఒక ఔషధ మోతాదుకో లెక్క కడితే? పత్తికీ మిరపకూ అప్పు చేసి పంట పెట్టి, ఆ పంట డబ్బుతో ఫీజు కట్టిన తల్లిదండ్రులకు మనం తిరిగి ఇవ్వవలసినది ఊహల జవాబులు కావు.

విద్యార్థులారా! సింపై ఉచితం, దాని మూలం అందరికీ తెరచిన పుస్తకం. 2007 వేసవిలో గూగుల్ కార్యక్రమం ద్వారా దానిని ఎంతగానో పెంపొందించినవారు ఐదుగురు విద్యార్థులే. సూత్రాలను కంఠస్థం చేయడంతో ఆగక, ఒక ప్రమేయాన్ని మీ చేతులతో నిర్మించి చూడండి. దానికి తెలిసినదేమిటో మీరే నిర్ణయించండి. తెలియనిచోట దానిని మౌనంగా ఉండనివ్వండి. కళాశాల పాలకవర్గం వారు ప్రయోగశాలను సాయంత్రం మరొక గంట తెరచి ఉంచినచో ఈ పనికి ఎంతో మేలు జరుగుతుందని సవినయంగా మనవి చేస్తున్నాను.