టాస్మానియా సొత్తు

ఫుట్‌బాల్ అంటే బొత్తిగా గిట్టనివాళ్ళు కూడా ఈ కథ వినొచ్చు. ఇందులో గెలుపు తక్కువ.

బెర్లిన్‌లో టాస్మానియా అని ఒక క్లబ్బు. 1900లో రిక్స్‌డోర్ఫ్ అనే చోట కొందరు కుర్రాళ్ళు పెట్టుకున్నారు. ఓడెక్కి ఆస్ట్రేలియా దిగువనున్న ఆ దీవికి వలసపోవాలని వాళ్ళ కోరికట. కాశీకి వెళ్ళలేని అమ్మమ్మ మనవరాలికి విశాలాక్షి అని పేరు పెట్టుకున్నట్టు, పేరొక్కటీ మిగిలింది.

వాళ్ళ దారిన వాళ్ళు ఆడుకుంటుంటే 1965లో వచ్చిపడింది అదృష్టం. హెర్తా అనే బెర్లిన్ జట్టు ఆటగాళ్ళకి నిబంధనలు మీరి డబ్బిచ్చిందని పెద్ద లీగైన బుందెస్‌లిగా నుంచి తీసేశారు. గోడ కట్టి నాలుగేళ్ళయిన ఊరు. పట్టికలో బెర్లిన్ పేరు లేకపోతే ఎలాగని పెద్దలు మథనపడి, టాస్మానియాని పట్టుకొచ్చారు. ముహూర్తానికి పెళ్ళికొడుకు లేడని విందుకొచ్చిన అబ్బాయిని పీటలమీద కూర్చోబెట్టినట్టు! ఆ అబ్బాయి కాదనగలడా?

తొలి ఆటకి ఒలింపిక్ స్టేడియంలో 81 వేల పైచిలుకు జనం. 2-0తో గెలిచారు కూడా. ఆ రాత్రి ఆటగాళ్ళ ఇళ్ళలో ఎంత సందడో!

ఆ తర్వాత వరసగా 31 ఆటల్లో గెలుపన్న మాట లేదు. మొత్తం 34 ఆటల్లో 2 గెలుపులు, 28 ఓటములు. వేసిన గోల్స్ 15, వేయించుకున్నవి 108. 1966 జనవరిలో ఒక ఆటకి వచ్చినవాళ్ళు 827 మంది. మా వీధి కల్యాణమండపంలో మామూలు పెళ్ళికే అంతకన్నా ఎక్కువ విస్తళ్ళు లేస్తాయి. ఆ చలిలో కూర్చున్నవాళ్ళలో సగం మంది ఆటగాళ్ళ తల్లులూ భార్యలేమోనని నా అనుమానం.

ఏడాదికే కిందికి దిగిపోయారు. 1973లో దివాలా తీసి క్లబ్బు మూతపడితే, పేరు పోనివ్వకుండా ఆ ఏడే కొత్తది పెట్టుకున్నారు. అదీ చిన్న లీగుల్లోనే.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. 2021 జనవరి నాటికి షాల్కే అనే పేరుమోసిన జట్టు వరసగా 30 ఆటలు గెలవలేదు. ఇంకొక్కటి గెలవకపోతే టాస్మానియాతో సమానం. యాభై అయిదేళ్ళ అపకీర్తి మరొకరి నెత్తికెక్కుతుంటే టాస్మానియా అభిమానులు సంబరపడాలా? లేదండీ! షాల్కే గెలవాలని కోరుకున్నారు. మా రికార్డు మాకుంచండి అని!

చోద్యమే అంటారు మీరు. నాకలా అనిపించలేదు. తిరిగొచ్చిన నా మొదటి నవల రాతప్రతి ఇప్పటికీ ట్రంకుపెట్టెలో ఉంది. పాతకాగితాలవాడు వచ్చినప్పుడల్లా మావారు దానివంకే చూస్తారు. నేను తాళం తీయను.

జనవరి 9న షాల్కే హోఫెన్‌హైమ్‌ని 4-0తో ఓడించింది. 31 టాస్మానియాకే మిగిలింది.