నీళ్ళు ఎటు పోతున్నాయి?

మా చిన్న మామూకి రోజీ ఇచ్చేది ఒక పాత మారుతీ ఓమ్నీ. పొద్దున పిల్లల్ని స్కూలుకి తీసుకెళ్ళాలి, సాయంత్రం ఇళ్ళకు చేర్చాలి. 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది. అది వేడెక్కితే ముందు సీటే చెప్తుంది. మొన్న ఎండాకాలంలో రెండు రోజులకోసారి రేడియేటర్‌లో నీళ్ళు తగ్గడం మొదలైంది. ఒక మెకానిక్ చూసీ చూడగానే "హెడ్ పోయింది, ఇంజను దించాలి" అన్నాడు. అంత ఖర్చు ఎక్కణ్ణుంచి తేవాలి? బండి అమ్మేస్తానన్నాడు మామూ. అమ్మితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

మా మొహల్లాలో ఒక బుజుర్గ్ మిస్త్రీ ఉన్నారు. పాత హకీముల్లా ముందు నబ్జ్ చూస్తారు, ఆ తర్వాతే దవా. వేడెక్కడం అలామత్ మాత్రమే, మర్జ్ వేరే చోట ఉంటుందంటారు. ఆయన అడిగిన సవాళ్ళు మీకూ పనికొస్తాయి.

ట్రాఫిక్‌లో ఆగినప్పుడే వేడెక్కి, బండి పరుగెత్తితే చల్లబడుతోందా? షక్ ఫ్యాను మీద. పరుగులోనే వేడెక్కుతోందా? రేడియేటర్‌లో బోరు నీళ్ళ సున్నం పేరుకుని ఉండొచ్చు. ఇంజను మసులుతున్నా రేడియేటర్‌కి వెళ్ళే పైపు చల్లగానే ఉందా? థర్మోస్టాట్ తెరుచుకోవడం లేదేమో.

హెడ్ గాస్కెట్ పోతే సబూతులు వేరు. చల్లటి ఇంజను స్టార్ట్ చేయగానే రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు వస్తాయి. ఇంజను వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగదు. ఆయిల్ పాలు పోసిన చాయ్‌లా మారొచ్చు. మామూ బండిలో ఇవేవీ లేవు.

రాత్రి బండి కింద అట్ట పరిచారు. పొద్దున అట్ట మీద తడి మచ్చ. దానికి సరిగ్గా పైన వాటర్ పంపు, దాని అడుగున చిన్న రంధ్రం, అక్కణ్ణుంచి ఎండిపోయిన చార. లోపలి సీలు అరిగితే నీళ్ళు ఆ దారినే బయటికొస్తాయి. పంపు మార్చి, రేడియేటర్ కడిగి, బోరు నీళ్ళ బదులు కూలెంట్ పోశారు. హెడ్ పనికి చెప్పిన దాంట్లో పావు వంతు కూడా కాలేదు.

ఒక్క ఎహతియాత్: వేడి మీద రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. లోపలి ఒత్తిడి వల్ల 100 డిగ్రీలు దాటినా నీళ్ళు మరగకుండా ఉంటాయి. మూత తీస్తే ఒక్కసారిగా మొహం మీదికి ఎగదన్నుతాయి.

ఇక "హెడ్ పోయింది" అని ఎవరైనా అంటే సబూత్ చూపించమనండి. అలా అడగడం బద్‌తమీజీ కాదు. రోజీ ఆ బండి మీదే ఆధారపడినవాళ్ళకు అది హక్కు.